తీగకు వేలాడిన కాగితపు చేతులు

మా పాప మిద్దె మెట్లు దిగి వచ్చి, నా ముందు అరచెయ్యి చాపి, దాని మీద ఇంకో చెయ్యి పెట్టింది. ఖాకీ కాగితం మీద పెన్సిలుతో గీసి, కత్తెరతో కత్తిరించిన చెయ్యి. చిటికెన వేలు కొంచెం లోపలికి వంగి ఉంది. పాపది కూడా అంతే.

"పైతాత కోసిచ్చినాడుమా. రెండు కోసినాడు. ఒకటి నాకు."

"ఇంకోటి?"

"తాత పెట్టుకున్నాడు."

చింతపండు పిసుకుతున్న నా చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. ఆ మాటకు ముందు అది ముచ్చటైన బొమ్మ. ఆ మాట తర్వాత కాదు. "తాత పెట్టుకున్నాడు" అన్న దగ్గరే నాకు భయం మొదలైంది. తమ్ముడిది కూడా కోసినాడా అని అడిగాను. వాడికి నాలుగేళ్లు. అక్క వెనకే దిగి వచ్చిన వాడు తల ఊపి, తన కాగితపు చేతితో నా కొంగు మీద టపటపా కొట్టాడు.

నేను అంతగా బెదిరిపోవడానికి కారణం, ఆ చేతుల్ని ఇదివరకే చూసి ఉండడం. చూసింది సినిమాలో. చిత్తూరులో, మా పుట్టింట్లో, నేను పాప వయసులో ఉన్నప్పుడు. ఏ దేశం సినిమానో తెలియదు, పేరు తెలియదు, ముగింపు అసలే తెలియదు, ఎందుకంటే కరెంటు పోయింది. గుర్తున్నది ఇంతే. బయట మంచు. మేడ మీద ఒక గది. బక్కపలచటి ముసలాయన ఒక చిన్నపిల్ల చేతిని కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిలుతో గీస్తాడు. కిటికీకి అడ్డంగా కట్టిన తీగకు అలాంటి కాగితపు చేతులు ఎన్నో వేలాడుతుంటాయి, గాలికి చేతులు ఊపుతున్నట్టు కదులుతుంటాయి. ఆ తర్వాత పిల్ల కనిపించదు. వాళ్లమ్మ మంచులో పరుగెత్తుతుంటుంది. ముసలాయన కిటికీలోంచి కిందికి చూస్తుంటాడు.

సినిమా కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. మా అమ్మ తమ్ముడు, డిగ్రీ దాకా చదివిన మామ, వాటిని చూస్తూ మాకు తెలుగులో చెప్పేవాడు. మామ చెప్పిన మాట నాకు అప్పటి గొంతుతో సహా గుర్తుంది. "ఆయప్పకు చేతి కొలత ఇచ్చిన పిల్లలు ఆయప్ప వెంట పోతారు. మళ్లీ రారు."

మేము తిరుపతిలో, అలిపిరి వైపు పోయే రోడ్డుకు లోపల ఒక సందులో ఉంటాం. కింద మాకు ఇల్లు బాడుగకిచ్చిన ఇంటామె, ఆమె భర్త. ఆయనకు దేవస్థానం ఆఫీసులో పని. పైన మేము నలుగురం. ఆ పైన మిద్దె మీద ఒంటిగది. అందులోకి వేసవి సెలవుల్లో ఆ పెద్దాయన వచ్చాడు. రిటైరైన డ్రాయింగు మాస్టరట, భార్య పోయిందట. ఇంటామె చెప్పిన ఈ రెండు 'అట'లు తప్ప ఆయన గురించి నాకేమీ తెలియదు. పొద్దున అలిపిరి దాకా నడిచి వస్తాడు, ఒక పూటే వండుకుంటాడు. ఆయన కోసం ఎవరూ రారు. ఆయన ఫోను మోగగా నేను వినలేదు. సెలవుల్లో ఎండ తగ్గాక పిల్లలు మిద్దె మీద ఆడుకునేవాళ్లు, ఆయన వాళ్లకు ఏనుగులూ గోపురాలూ గీసి ఇచ్చేవాడు. నాకు అది హాయిగానే ఉండేది. ఆ హాయిలో ఒక గంట పనులు చేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ గంటలన్నీ వెనక్కి తిరిగి నన్ను చూస్తున్నట్టు అనిపించింది.

మా ఆయన సూళ్లూరుపేట పక్క ఫ్యాక్టరీలో పని చేస్తాడు. తెల్లవారకముందే కంపెనీ బస్సు, వచ్చేసరికి చీకటి. ఆయన తిండి తింటుండగా చెప్పాను.

"సినిమాలో ఎవడో పాడు పని చేసినాడని మిద్దె మీది మనిషిని అనుమానిస్తావా?"

"సినిమా వదిలెయ్. ఒకటి ఎందుకు పెట్టుకున్నాడు? అది చెప్పు."

"గోడకు అంటించుకోవడానికి."

"పరాయి పిల్లల చేతులు ఎవరైనా గోడకు అంటించుకుంటారా?"

"అడిగితే సరిపోతుంది కదా."

"అడిగితే చెప్తాడా? చేసేవాడెవడైనా చేస్తానని చెప్తాడా?"

ఆయన చెయ్యి కడుక్కొని పడుకున్నాడు. మరుసటి రోజు నేను ఉతికిన బట్టలు ఆరేసే వంకతో మిద్దెకు పోయాను. గది తలుపు తీసి ఉంది. నిజంగానే గోడ మీద ఉన్నాయి. వంకర చిటికెన వేలు చూసి పాపది గుర్తుపట్టాను, పక్కన బుడ్డ చెయ్యి బాబుది. కానీ అవి రెండే కాదు. చుట్టూ ఇంకా ఉన్నాయి, రంగు వెలిసినవి. ఒక్కో అరచేతిలో ఒక పేరు, అందమైన అక్షరాలతో. ఆ పేర్ల పిల్లలెవరూ మా సందులో లేరు.

ఆయన తడి పంచె దులుపుతూ బయటికొచ్చాడు.

"ఎవరివి సార్ ఇవన్నీ?"

"పిల్లలవమ్మా."

"ఏ పిల్లలు?"

"మునుపున్న ఇంటికాడి పిల్లలు. ఏడాది పోయినాక మళ్లీ దాని మీద చెయ్యి పెట్టి చూస్తే ఎంత పెరిగిందో తెలుస్తుంది. వాళ్లకదొక సంబరం."

"పెట్టి చూసినారా మళ్లీ?"

"లేదు. అంతలోనే నేను వచ్చేసినా."

"ఎందుకు వచ్చేసినారు?"

పంచెను దండెం మీద వేసి, అంచులు సమానంగా లాగాడు. "ఆ ఇంటోళ్లు ఖాళీ చేయమనినారు." ఎందుకని నేను అడగలేదు. ఖాళీ బకెట్టు తీసుకొని కిందికి దిగాను.

ఆ దినం నుంచి పిల్లల్ని పైకి పంపలేదు. ఏదో ఒక సాకు. ఎండ, చీమలు, హోంవర్కు. ఇంటామె కనిపెట్టింది. ఆమెకు ఏదీ దాగదు. కింద కుళాయి దగ్గర పట్టుకొని అడిగితే, కాగితపు చేతుల మాట, ఖాళీ చేయించిన మాట చెప్పేశాను.

"నాకు మొదట్నుంచీ మనసులో ఒక మూల కొడతానే ఉండాది," అనింది ఆమె. మొదట్లో మాస్టరుగారు దేవుడిలాంటి మనిషని చెప్పింది ఆమే. "మాకు పిల్లలుండే కాపురం ముఖ్యమమ్మా. ఆయనదేముంది, ఒంటి మనిషి, యాడైనా ఉంటాడు. నువ్వు ఒక్కమాట అవునను, నెలాఖరుకు ఖాళీ చేయిస్తా. ఆదివారం లోపల చెప్పు. ఆ గది యాత్రికులకు దినబాడుగకు ఇద్దామని మా ఆయన ఎప్పట్నుంచో అంటా ఉండాడు."

చివరి మాట విన్నాక నాకు ఆమె మీద కూడా అనుమానం వచ్చింది. నా భయాన్ని అడ్డం పెట్టుకొని ఆమె గది ఖాళీ చేయించుకుంటుందా? కానీ ఆమె స్వార్థం ఆమెదైతే, నా పిల్లల మాటేమిటి? నేను కాదంటే, రేపు ఏదైనా జరిగితే? నేను అవునంటే, ఆయన ఏమీ చెయ్యనివాడైతే? ఆ వయసులో, చేతులున్న గోడను రెండోసారి ఖాళీ చేసుకొని యాడికి పోతాడు?

నాకు ఒక పిచ్చి నమ్మకం కుదిరింది. ఆ సినిమా చివర ఏమవుతుందో తెలిస్తే నాకు దారి తెలుస్తుందని. మొదట మా అక్కకు ఫోన్ చేశాను. ఆమె పలమనేరులో ఉంటుంది.

"గుర్తుండాది మే! బట్టతల ముసలోడు. ఒక కుంటి కుక్క కూడా ఉండె. నీకు కుక్క గుర్తులేదా?"

"లేదే. చివర ఏమవుతుంది?"

"ఆ బిడ్డను చంపేస్తాడు కదా."

"నువ్వు చూసినావా?"

"చూడ్డమెందుకు, మామ చెప్పె కదా."

పాత విదేశీ సినిమాలు గుర్తుపట్టి పేర్లు చెప్పే వాళ్ల గ్రూపొకటి ఫోన్‌లో దొరికింది. నాకు వచ్చిన ఇంగ్లీషులో రాశాను. మంచు, మేడ గది, కాగితపు చేతులు, కుంటి కుక్క, పిల్లల్ని ఎత్తుకుపోయే ముసలాయన. జవాబులు బోలెడు వచ్చాయి. పిల్లలు మాయమయ్యే సినిమాలు లోకంలో ఇన్ని ఉన్నాయా అని ఇంకా బెంబేలెత్తిపోయాను. ఒక్కొక్కటీ తెరిచి చూడడం, ఒక్కొక్క ముసలివాడి ముఖంలో మా మిద్దె మీది ముఖాన్ని వెతకడం. ఏదీ అది కాదు. పిల్లల్ని స్కూలు ఆటో ఎక్కించేటప్పుడు ఆటో అబ్బాయిని కూడా ఎగాదిగా చూడడం మొదలుపెట్టాను.

ఒకరు మాత్రం వేరే ప్రశ్న వేశారు. "అతను ఆ పిల్లను ఎత్తుకుపోవడం మీరు కళ్లారా చూశారా?" నాకు కోపం వచ్చింది. జవాబు ఇవ్వలేదు. రెండు రోజులకు ఆ మనిషే ఒక ఫొటో పంపారు. నలుపు తెలుపు. కిటికీ. తీగ. వేలాడే చేతులు. కింద గడప మీద ఒక కాలు ఎత్తి పెట్టుకున్న కుక్క. అదే సినిమా. సినిమా పేరు కూడా రాశారు కానీ అది పలకడం నాకు ఇప్పటికీ రాదు.

శుక్రవారం పిల్లలు స్కూలుకు పోయాక, తలుపు గడియ వేసుకొని ఆ సినిమాను ఫోన్‌లో మొత్తం చూశాను. ఇప్పుడు కింద అక్షరాలు చదవగలిగే దాన్నే. ముసలాయన చేతి తొడుగులు కుట్టేవాడు. అంతే. అది చలిదేశం. ఏదో యుద్ధం అయిపోయిన కాలం. పిల్లల చేతులు చలికి పగిలి నెత్తురు కారుతుంటాయి. ఆయన చచ్చిపోయిన భార్య కోటు కత్తిరించి, వీధిలో పిల్లలందరికీ తొడుగులు కుడుతుంటాడు. కాగితం మీద గీసేది కొలత కోసం. ఇంకా కుట్టవలసినవి తీగకు వేలాడదీస్తాడు.

ఎవరినీ ఎత్తుకుపోడు. ఆ పిల్ల వాళ్లమ్మతో వేరే ఊరికి పోతుంది. పిల్ల ముందే గుర్రబ్బండిలో ఎక్కి కూర్చుంటుంది, మరిచిపోయిన మూట కోసం వాళ్లమ్మ మంచులో పరుగెత్తుతుంది. పైన కిటికీలో ముసలాయన చేతిలో అప్పుడే కుట్టడం అయిపోయిన చిన్న తొడుగుల జత ఉంటుంది. ఆయన దిగి వచ్చేసరికి బండి మలుపు తిరిగిపోతుంది.

చిత్తూరులో చేతి తొడుగు ఎవరికి తెలుసు? మాకు చలికాలమంటే తలకు కట్టుకునే మఫ్లరే. చేతికి తొడుగు వేసుకునేది డాక్టర్లు మాత్రమేనని మాకు తెలుసు. ఒక మనిషి పిల్లల చేతి కొలత తీసుకుంటే, అది చలికి అని మా ఎండ ఊళ్లో ఎవరికి తట్టాలి?

ఏడ్చాను, నవ్వాను కూడా. మనసు తేలికైంది. కానీ బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టేలోపల మళ్లీ బరువెక్కింది. సినిమాలో ముసలాయన మంచివాడైతే మా మిద్దె మీది ముసలాయన కూడా మంచివాడైపోతాడా? ఈయన తొడుగులు కుట్టడం లేదు కదా. ఇంకో ప్రశ్న కూడా పట్టుకుంది. మరి మామ అలా ఎందుకు చెప్పాడు?

శనివారం పిల్లల్ని తీసుకొని చిత్తూరు బస్సెక్కాను. వాళ్లను అమ్మ దగ్గర వదిలి మండీకి పోయాను. మామిడికాయల కాలం. తోతాపురి లారీలు రోడ్డు దాకా నిలిచి ఉన్నాయి. మామ అక్కడ కమిషను వ్యాపారం చేస్తాడు. కాయల రాశి పక్కన కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"ఏందమ్మే, చెప్పాపెట్టకుండా? మొగుడు తరిమేసినాడా?"

"మామా, చిన్నప్పుడు ఒక సినిమా చూపిస్తివే, కాగితం చేతులది. గుర్తుండాదా?"

"ఓ, మంచు సినిమా. మీరిద్దరూ ఆ పొద్దు పక్క తడిపినారు, గుర్తుండకేం."

"ఆయప్ప పిల్లల్ని తీసుకొని పోతాడని చెప్పినావు. పోడు మామా. నిన్న మొత్తం చూసినా. చేతి తొడుగులు కుడతాడు, అంతే."

"తొడుగులా!" మామ కుర్చీ ఊగేటట్టు నవ్వాడు. "ఆ అక్షరాలు నాకెక్కడ అందుతాయమ్మే? ఒక ముక్క చదివేలోపల నాలుగు పోతాయి. ఇంగ్లీషు పరీక్ష రెండుమాట్లు తప్పినోణ్ణి."

"తెలీదని చెప్పొచ్చు కదా."

"తెలీదంటే మీరు ఊరకుంటారా? 'మామా ఏమంటా ఉండాడు, మామా ఏమంటా ఉండాడు' అని చెవి కొరికేసినారు."

"దానికి ఏదైనా మంచి కథ అల్లొచ్చు కదా. అంత భయం పుట్టించేదే ఎందుకు?"

మామ నవ్వు ఆగింది. కాయలు దింపుతున్న కూలీని ఇంకాస్త దూరం పొమ్మని చేత్తో సైగ చేశాడు.

"మీయమ్మ చెప్పమనింది."

"అమ్మా?"

"ఆ సినిమా కథ కాదు. ఎట్లైనా నిన్ను భయపెట్టమనింది. మన వీధి చివర ఒకాయన ఉండె. పిల్లలకు బొమ్మలూ గాలిపటాలూ చేసిస్తా ఉండె. నువ్వు ఎవరు పిలిచినా పోయేదానివి. ఆ ఇంట్లోనే పడుండేదానివి. మీయమ్మకు ఎందుకో సరిపోలా."

"ఏం చేసినాడు మామా?"

"తెలీదు."

"నన్ను..."

"తెలీదమ్మా. మీయమ్మకూ తెలీదు. నిన్నడిగితే బొమ్మల మాట తప్ప ఇంకేం చెప్పలా నువ్వు. ఏమీ లేదేమో. ఉండాదేమో. ఇంతలో ఆ సినిమా వచ్చె. నోటికొచ్చినట్టు చెప్పేసినా. మరుసటి దినం నుంచి నువ్వు ఆ పక్కకు పోలా. మాకు అంతే కావాల్సింది."

"ఆయన ఏమైనాడు?"

"మీయమ్మ ఇంకో ఇద్దరు ఆడోళ్లతో చెప్పింది. వాళ్లు ఇంకో నలుగురితో. వీధిలో ఎవరూ పలకరించకపోతే యాడుంటాడు? పోయినాడు యాడికో."

మామ రసం కారుతున్న కాయ ఒకటి కోసి ఇచ్చాడు. తినలేకపోయాను. ఆ మనిషి ముఖం, గొంతు, ఇల్లు, ఆయన చేసిచ్చిన బొమ్మ, ఏదైనా ఒకటి గుర్తుకొస్తుందేమోనని తిరుగు బస్సులో కళ్లు మూసుకొని వెతికాను. ఏమీ లేదు. సినిమా గుర్తుంది, మంచు గుర్తుంది, మనిషి లేడు. అమ్మను అడగలేదు. పిల్లల ముందు అడిగే మాట కాదు. అమ్మ తప్పు చేసిందని అనే ధైర్యం నాకు లేదు. ఒప్పు చేసిందని అనడానికీ నోరు రావడం లేదు. ఇప్పుడు నా చేతిలో ఉన్నదీ అప్పుడు ఆమె చేతిలో ఉన్నదే. ఒక అనుమానం, దాన్ని చెవి ఒగ్గి వినే ఇరుగుపొరుగు.

ఆదివారం సాయంత్రం మా ఆయన దగ్గర పిల్లల్ని ఉంచి పైకి పోయాను. మాస్టరు నీళ్ల ట్యాంకు నీడలో కూర్చొని కొత్తిమీర తుంచుతున్నాడు.

"సార్, మునుపున్న ఇంట్లో ఏం జరిగింది?"

ఆయన తలెత్తలేదు. "పిల్లలు పైకి రానప్పుడే అనుకున్నా. ఒక పిల్ల నా గదిలో బొమ్మ వేసుకుంటా ఉండె. పొద్దుపోయింది. వాళ్లమ్మ వీధంతా వెతికింది. నా తలుపు మూసి ఉండె. గాలికి కాగితాలు ఎగురుతాయని నేనే మూసినా."

"అంతేనా?"

"అంతేనమ్మా." తుంచిన కాడలు పక్కకు నెట్టి అన్నాడు, "నేను అంతే అంటే సరిపోదు. అది నాకు తెలుసు."

"ఈడ తలుపు మూయొద్దు."

"మూయను."

"పిల్లలు గదిలోకే రాకూడదు. ఏం వేసినా ఈడ, బయట. నేనుండేటప్పుడే."

"సరే."

ఆయనకు కోపం రాలేదు. అది కూడా నాకు అనుమానంగానే ఉంది. కోపం వచ్చి ఉంటే దానికీ అనుమానపడేదాన్ని. ఆయన లేచి లోపలికి పోయి, గోడ మీద నుంచి మా పిల్లల చేతులు రెండూ పీకి తెచ్చి ఇచ్చాడు. వద్దులెండి సార్ అని మర్యాదకు అనాలనిపించింది. అనలేదు. తీసుకున్నాను.

కింద ఇంటామె తులసికోట దగ్గర కాచుకొని ఉంది. "ఏమంటావమ్మా?"

"నా మాట మీద ఖాళీ చేయించొద్దండీ. నేనేమీ చూడలేదు."

"మొన్న అట్ల చెప్తివే?"

"భయం చెప్పినా. చూసింది చెప్పలా. గది మీది, మీ ఇష్టం. నా పేరు మాత్రం చెప్పొద్దండి. ఆ మాట ఇంకెవరికీ పోనీయొద్దండి."

"రేపు ఏదైనా అయితే నన్ననకూడదు మరి."

"అనను."

మెట్లెక్కుతుంటే గానీ నాకు తట్టలేదు. రేపు ఏదైనా అయితే అన్నది నా పిల్లల గురించే కదా.

ఇది రాస్తున్న గదిలోనే వాళ్లిద్దరూ పడుకొని ఉన్నారు. ఈ పొద్దున స్కూలు ఆటో కోసం గేటు దగ్గర నిలబడినప్పుడు వాళ్ల ఎత్తుకు కూర్చొని చెప్పాను. సాయంత్రం మిద్దె మీదికి పోవచ్చు, నేనూ వస్తాను, గదిలోకి మాత్రం పోకూడదు. ఇంకోటి చెప్పాను. ఎవరైనా సరే, 'అమ్మకు చెప్పొద్దు' అంటే ఆ మాటే ముందొచ్చి నాకు చెప్పాలి.

"మండీ తాత అంటే?"

"మండీ తాత అన్నా."

"అమ్మమ్మ అంటే?"

"అమ్మమ్మ అన్నా."

"నాన్న అంటే?"

మా పాప ఊరికే వదిలే రకం కాదు. దాని బ్యాగు పట్టీ సరిచేశాను. "నాన్న అన్నా."

బాబుకు ఇదంతా ఆటలా ఉంది, "ఆటో అన్న అంటే, కుక్క అంటే" అని లెక్క పెంచుకుంటూ పోతున్నాడు. పాప మాత్రం నా ముఖంలోకి చూసి అడిగింది, "పైతాత మంచోడామా, చెడ్డోడా?"

నాకు మామ గుర్తొచ్చాడు. ఏదో ఒక కథ చెప్పేస్తే సులభం. ఆటో సందు మలుపులో హారన్ కొట్టింది.

"నాకు ఇంకా తెలీదు నాన్నా," అని చెప్పాను. "తెలిసేదాకా నేనూ మీతోనే ఉంటా."